కోర్టువారి ఏడు సీసాలు

నా భార్యను మద్యనిషేధ చట్టం చంపింది. ఈ విషయంలో నాతో ఎవరూ వాదన పెట్టుకోవద్దు.

నేను రోడ్డు రోలరు నడుపుతాను. ఆమె అదే రోడ్డు మీద కంకర మోసేది. నడుము నొప్పికి రోజూ పడుకోబోయే ముందు రెండు మూతల బ్రాందీ పుచ్చుకునేది. దుకాణాలున్నప్పుడు సీలున్న సీసా కొనితెచ్చేవాణ్ణి, నెలకొకటి. చట్టం వచ్చాక దుకాణాలు పోయాయి. నడుము నొప్పి పోలేదు. పంక్చర్లు వేసేవాడి దగ్గర ప్యాకెట్లలో సారా దొరికేది. అదే తెచ్చుకునేది.

ఒక గురువారం ఎక్సైజు ఇన్‌స్పెక్టరు రోలరు తెమ్మన్నాడు. పట్టుబడిన సీసాలు మైదానంలో పరిచి ఉన్నాయి. అంతా సీలు తీయని అసలు సరుకు. ఫొటోలవాళ్లు చూస్తుండగా మూడు వేల సీసాలు తొక్కించాను. చప్పట్లు కొట్టారు. చక్రం కడుక్కుని ఇంటికొచ్చాను.

శనివారం పొద్దున ఆమెకు వాంతులు. పది గంటలకు, కిటికీ నిండా ఎండ పడుతుంటే, "లైటు వెయ్యవేమయ్యా, ఏమీ కనబడట్లేదు" అంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆమె కళ్లు చూసి నన్ను వరండాలోకి పిలిచింది.

"తాగింది సారా కాదు, ఫ్యాక్టరీల్లో వాడే విషపు స్పిరిట్. దానికి విరుగుడు అసలు బ్రాందీయే. పెద్దాసుపత్రి ఆరు గంటల దారి, ఈ స్థితిలో కదిలిస్తే దారిలోనే పోతుంది. సీలున్న సీసా ఒక్కటి తే, ఇప్పుడే గొట్టంతో పోస్తాను."

"ఎగతాళా అమ్మా?"

"నా మొహం అట్లా ఉందా? పరుగెత్తు!"

మా బావమరిది అరగంటలో పది ప్యాకెట్లు పట్టుకొచ్చాడు. "ఏ సందులో అడిగినా ఇస్తున్నారు బావా!" డాక్టరమ్మ ఒకటి చింపి వాసన చూసి, పదీ చెత్తబుట్టలో పారేసింది. ఊరి నిండా సారాయే. పనికొచ్చే చుక్క లేదు.

ఎక్సైజు స్టేషనుకు పరుగెత్తాను.

"సీసానా? మొన్న తొక్కించింది నువ్వే కదయ్యా!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

జవాను పళ్లికిలించాడు. "తాగి పడినదానికి మళ్లీ తాగిస్తాడట సార్. ఆ ఆసుపత్రేదో బాగుంది, మనమూ చేరదాం."

అద్దాల బీరువాలో ఏడు సీసాలు కనబడ్డాయి, లక్క ముద్రలతో. వేలుపెట్టి చూపించాను.

"అవి సాక్ష్యం. కోర్టువారివి. జడ్జిగారి కాగితం తెచ్చుకో."

"సోమవారం దాకా కోర్టు లేదు సార్."

"అయితే సోమవారమే రా."

డాక్టరమ్మ స్టేషనుకు ఫోన్ చేసింది. ఆమెకూ అదే జవాబు. నేను ఇన్‌స్పెక్టరు కాళ్లు పట్టుకున్నాను. బూట్లు వెనక్కి లాక్కున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ఆమె పోయింది. సోమవారం పంక్చర్లవాడు ఎప్పటిలాగే దుకాణం తెరిచాడు.

నిన్న ఇన్‌స్పెక్టరు మా ఇంటికొచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చట్టానికి ఏడాది నిండిందట, సభ పెడుతున్నారట.

"నాలుగు మాటలు చెప్పు పెద్దాయనా. తాగుడు నీ సంసారాన్ని ఎట్లా కూల్చిందో నీ నోటితో చెబితే జనానికి ఎక్కుతుంది."

"లేవండి" అన్నాను. అతను గడప దాటేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాను.

వాళ్ల సభలో చెప్పను. ఇంటికొచ్చి అడిగినా చెప్పను. మా బావమరిది ఏడ్చి అడిగినా సరే, దీని గురించి ఇక నోరు విప్పను.