బేరమాడని గిరాకీ

మొదటి వరస తుడవడం అయి వెర్లిన్ స్టిడమ్ రెండో వరసకు వచ్చేసరికి తొమ్మిదయింది. నూనెగుడ్డ కుడిచేతిలో, పొడిగుడ్డ ఎడమ భుజం మీద. ఒక్కొక్క తుపాకీని గోడమీది కొక్కెం నుంచి దించడం, మడత విప్పి లోపల తూటా లేదని కంటితో చూడడం, మళ్ళీ చిటికెనవేలు దూర్చి చూడడం, తుడవడం, ఎక్కించడం. కంటికి కనిపించాక మళ్ళీ వేలెందుకని ముప్ఫై నాలుగేళ్ళుగా అడుగుతూనే ఉన్నాం. ఆ కన్ను నాదే కదా, దాన్ని నమ్మేదెట్లా అనేవాడు.

అడిగేవాళ్ళం అంటే పొయ్యి పక్క బల్ల మీద కూర్చునేవాళ్ళం. ఈ కెంటకీ కొండల్లో బొగ్గుగనులు మూతపడ్డాక మాలాంటివాళ్ళకు పొద్దుపోవడానికి రెండు చోట్లే మిగిలాయి, ఒకటి చర్చి, ఒకటి ఓట్లీ తుపాకుల దుకాణం. చర్చిలో అబద్ధాలాడనివ్వరు. కాబట్టి ఇక్కడ చేరతాం. ఏమీ కొనం, అభిప్రాయాలు మాత్రం ఉచితంగా ఇస్తాం. ఆ శనివారం పొద్దున ఆర్విల్, తను కుర్రతనంలో గురిపెట్టిన జింక గురించి చెబుతున్నాడు. దాని కొమ్ముల్లో పిట్ట గూడు కట్టిందట. పిల్లలింకా ఎగరడం నేర్చుకోలేదని పేల్చకుండా వదిలేశాడట. పోయినేడు చెప్పినప్పుడు కొమ్ముల్లో ఉన్నది పిట్టలు కాదు, తేనెపట్టు. వచ్చే ఏటికి అక్కడ పోస్టాఫీసు పెడతాడని వెర్లిన్ వెనక్కి తిరగకుండానే అన్నాడు.

వెర్లిన్‌కు అరవై తొమ్మిదేళ్ళు. ఒకప్పుడు ఆరడుగుల రెండంగుళాలు. కౌంటరు మీదికి వంగి వంగి ఆ రెండంగుళాలూ అరిగిపోయాయి. ఎడమచెవి గనిలో పోయింది. గోళ్ళ అంచుల్లో నూనెనలుపు ఏ సబ్బుకూ లొంగదు. కింది పెదవి లోపల ఎప్పుడూ పొగాకు ఉంటుంది, అందుకని అలిగినవాడిలా కనిపిస్తాడు. ఒక కళ్ళజోడు ముక్కు మీద, ఇంకొకటి నుదుటి మీద పెట్టుకుని మూడోదాని కోసం సొరుగులు వెతుకుతాడు. చెవి వెనక పెన్సిలు. ఆ పెన్సిలుతోనే ధర చీటీలు రాసి, దారంతో తుపాకీ మెడకు కడతాడు. ధర రాయడం వరకే. రాసినదానికి కట్టుబడాలని మాత్రం అతనికి ఎప్పుడూ తోచలేదు.

దుకాణం చెడ్డపేరంతా అక్కడే పుట్టింది.

పెద్దాయన డెల్మర్ ఓట్లీ పోయి ఏడాదయింది. కూతురు ట్విలా పట్నంలో ఉద్యోగం వదులుకుని వచ్చి దుకాణం చేతిలోకి తీసుకుంది. చిన్నప్పుడు ఈ కౌంటరు కిందే బొమ్మలకు అన్నాలు పెట్టి ఆడుకున్న పిల్ల. మంచిది, పద్ధతి గలది. ఆ పొద్దున చీటీలు అచ్చువేసే చిన్న యంత్రం ఒకటి తెచ్చి కౌంటరు మీద పెట్టింది. పెట్టి, ఫోన్ తీసి, దుకాణం గురించి జనం రాసిన మాటలు వెర్లిన్‌కు చదివి వినిపించింది.

మేమూ విన్నాం. అన్నదమ్ములు ఇద్దరు ఒకే రకం తుపాకీ అడిగితే అన్నకు రెండు వందల డాలర్లు, తమ్ముడికి తొమ్మిది వందలు చెప్పాడని ఒకడు రాశాడు. కౌంటరు వెనక ముసలివాడు మొహం చూసి ధర కడతాడు, నా మొహం పదకొండు వందలు చేస్తుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదని ఇంకొకడు. దొంగలు, ఒక్క స్టార్. నత్తకన్నా నెమ్మది, ఒక్క స్టార్. ఒహాయో నుంచి వచ్చినతను ఎవరో, కాఫీ ఊరికే పోశారు కాబట్టి రెండు స్టార్లు ఇచ్చాడు. అలాంటివి తొమ్మిదో పదో ఉన్నాయి.

"ఇవాళ్టి నుంచి చీటీ మీద ఏముంటే అదే ధర బాబాయ్. ఎవరికైనా సరే," అంది ట్విలా. "ఇలాంటిది ఇంకొక్కటి జరిగిందా, సోమవారం నుంచి నువ్వు ఇంటిపట్టున ఉండు. నాకూ మనసొప్పదు. కానీ వచ్చే శనివారం జింకల వేట మొదలు. జనం ఫోన్లో ఇవి చూసి పక్క ఊరికి పోతున్నారు."

"సరేనమ్మా," అన్నాడు వెర్లిన్.

అతనికి ఇంటిపట్టున ఉండడానికి ఇంట్లో ఎవరూ లేరు. భార్య ఓపల్ పోయి ఆరేళ్ళు. మిగిలింది ఇనపపొయ్యి ఒకటి. దాని గొట్టం మసితో పూడుకుపోయి పొగను గదిలోకే తంతోంది. అందుకే చొక్కా ఎప్పుడూ పొగవాసన. ఆదివారాలు ఎలా గడుస్తాయిరా అని ఒకసారి అడిగితే, సోమవారం వైపు నడుస్తాయి అన్నాడు.

పదింటి నుంచి కొత్త చీటీలు కట్టాడు. పదకొండింటికి మా బర్ల్ ఒక పాత రైఫిలు మీద కన్నేసి నూట డెబ్భై అన్నాడు. చీటీ మీద రెండు వందల పది. చెక్క పగిలిందన్నాడు. గొట్టం వంకరన్నాడు. నీ తాత కూడా ఇలాగే దోచేవాడని వెర్లిన్‌ను తిట్టి, బయటికి పోయి, ట్రక్కులో కూర్చుని, ఇంజను ఆన్ చేసి, ఆపి, మళ్ళీ లోపలికి వచ్చి నూట డెబ్భై అయిదు అన్నాడు. మా దగ్గర మర్యాద అంటే అదే. ట్విలా చిరునవ్వుతో చీటీ చూపించింది. బర్ల్ చెంపదెబ్బ తిన్నవాడిలా నిలబడిపోయాడు. చివరికి రెండు వందల పదీ కట్టాడు కానీ, సంతోషం లేకుండా కొన్నాడు. వెర్లిన్ అతన్ని గుమ్మం దాకా సాగనంపి, గొట్టం నిజంగానే కాస్త వంకరని ఓదార్చాడు.

పన్నెండున్నరకు మైనపు కాగితం విప్పి బొలోనియా మాంసం ముక్క పెట్టిన రొట్టె తిన్నాడు. సగం తిని, సగం మళ్ళీ చుట్టాడు. గుండె మాత్ర వేసుకుని, స్టూలు మీద కూర్చుని ఒక నిమిషం కళ్ళు మూసుకున్నాడు. నిమిషం అని నేనంటున్నాను. ఆర్విల్ జింక ఆలోగా మూడు కొండలు దాటింది.

ఒకటిన్నరకు రాండల్ ఫ్యూగేట్ వచ్చాడు. నలభై ఏళ్ళవాడు. ఎండాకాలంలో పెళ్ళాం పిల్లలను తీసుకుని పుట్టింటికి పోయింది. గడ్డం వారం రోజులది. గుమ్మం దగ్గర బూట్ల బురద దులుపుకోలేదు.

"ఏరా రాండల్, నీ ట్రక్కు నిన్ను మోస్తోందా, నువ్వే దాన్ని తోసుకొచ్చావా?" అని ఆర్విల్ పలకరించాడు.

దానికి ఏదో ఒకటి తిరిగి అనాలి. ఏమీ అనకపోతే మా బల్లను అవమానించినట్టు. రాండల్ మా వైపు చూడనైనా లేదు. గోడ మీద తనకు దగ్గరగా ఉన్న మొదటి తుపాకీని చూపించాడు. ఒంటిగొట్టం పాతది, కొత్త చీటీ మీద నూట ఎనభై తొమ్మిది.

"అది. ఒక పెట్టె తూటాలు కూడా."

"ఉడుతలకా?" అని వెర్లిన్ అడిగాడు.

"ఆఁ."

"ధర చూశావా?"

"ఎంతైనా సరే." పర్సు అప్పటికే చేతిలో ఉంది.

మా కొండల్లో ఆ మాట ఎవరూ అనరు. మావాడొకడు తన శవపేటికకు తనే బేరమాడి, బేరం కుదరక ఇంకో మూడేళ్ళు బతికాడు. బేరమాడేవాడికి రేపటితో పని ఉంటుంది. మిగుల్చుకున్న పది డాలర్లు రేపు దేనికో కావాలి.

ఈ సంగతి వెర్లిన్‌కు పుట్టుకతో రాలేదు. అతను ఈ కౌంటరు వెనక చేరిన మొదటి ఏడు తమ్ముడు డెన్సిల్ వచ్చి, ఒక తుపాకీ అడిగి, చీటీ మీద ఉన్నంతా కట్టి పోయాడు. తమ్ముడు అన్న ముందు బేరమాడలేదని వెర్లిన్ ఆ సాయంత్రం ఓపల్‌కు గొప్పగా చెప్పుకున్నాడు. మర్నాడు ఆ తుపాకీ పక్కనే తమ్ముడి శవం దొరికాక చెప్పుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆ ముక్క ఇరవై ఏళ్ళ కిందట ఒక్కసారి, చేపలు పడుతూ, నాకు చెప్పాడు. ఎవరితోనూ అనవద్దన్నాడు. అబద్ధాలు తప్ప ఇంకేమీ దాచలేనివాణ్ణి, అది మాత్రం దాచాను.

పాత రోజులైతే వెయ్యి డాలర్లని చెప్పేవాడు. గిరాకీ బండబూతులు తిట్టి పోయేవాడు. తిట్టిన కోపంతో ఆ రాత్రి గడిచిపోతుంది. ఇప్పుడు ధర అచ్చయి మెడకు వేలాడుతోంది.

"ఉండు, తుడిచిస్తాను," అని వెర్లిన్ తుపాకీ తీసుకుని వెనక గదిలోకి పోయాడు.

నేను కూర్చున్న చోటి నుంచి తలుపు సందులో రిపేరు బల్ల కనిపిస్తుంది. అతను చిన్న సుత్తితో రెండు దెబ్బలు వేశాడు. తూటా వెనక పొడిచే ఉక్కుసూది, చిటికెనవేలంత కూడా ఉండదు, దాన్ని బయటికి లాగాడు. జేబులోంచి పొగాకు డబ్బా తీసి సూదిని అందులో వేసి, మూత నొక్కి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"సూది విరిగింది," అన్నాడు బయటికి వచ్చి. "కొత్తది మంగళవారం వస్తుంది."

"ఇంకోటి ఇవ్వు."

"మిగతావాటికి కూడా ఇవాళ ఒంట్లో బాగాలేదు."

ట్విలా అచ్చుయంత్రం దగ్గర తలెత్తింది. రాండల్ కోప్పడలేదు. అందుకే నాకు భయం వేసింది. పర్సు చేతిలోనే పట్టుకుని కౌంటరు దగ్గరే ఉండిపోయాడు.

"రేపు నా పొయ్యిగొట్టం దించి మసి దులపాలి," అన్నాడు వెర్లిన్, అంతసేపూ అదే మాట్లాడుతున్నట్టు. "నిచ్చెన పట్టుకునే మనిషి లేడు. పడి చస్తే చెప్పేవాడూ లేడు. వస్తావా?"

"ఎన్నింటికి?" అన్నాడు రాండల్ చివరికి.

"చర్చి విడిచాక. చిక్కుళ్ళు ఉడకేస్తాను."

పర్సు జేబులోకి వెళ్ళింది. వెర్లిన్ చెవి వెనక పెన్సిలు తీసి, చీటీ మీది ధరను అడ్డంగా కొట్టేసి, కింద ఏదో రాసి, తుపాకీని గోడకు ఎక్కించాడు.

ట్రక్కు చప్పుడు దూరమయ్యేదాకా ట్విలా ఆగింది. "గురువారం ఆ తుపాకీని నేనే పేల్చి చూశాను. సూది బాగానే ఉంది. ఏమిటి బాబాయ్ ఇది?"

"బేరమాడలేదమ్మా."

"ఆడకపోతే మనకు మంచిదేగా!"

వెర్లిన్ నా వైపు చూశాడు. నేను పొయ్యి వైపు చూశాను. ఆ చూపు తిప్పుకోవడం ఇప్పటికీ నా మెడలో నొప్పిగా ఉంది.

అయిదింటికి దుకాణం మూసేటప్పుడు ఆమె సోమవారం రావద్దని మెల్లగా చెప్పింది. అతను తల ఊపాడు. ఏప్రాన్ విప్పి, బట్టలకొట్టువాడిలా నాలుగు మడతలు పెట్టి స్టూలు మీద ఉంచాడు. మిగిలిన సగం రొట్టె తీసుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగి, మూడో వరస తుడవలేదు అని మాత్రం అన్నాడు.

సోమవారం ఉత్తరాలు పంచే ఆమె అతన్ని చూసింది. పొయ్యి ఎదుట కుర్చీలో, బూట్లతోనే, నిద్రపోయినట్టే ఉన్నాడు. గుండె ఆగిందన్నారు. నిప్పు చక్కగా మండి చల్లారింది. గదిలో పొగవాసనే లేదు.

మంగళవారం రాండల్ దుకాణానికి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు కానీ చెవుల వెనక మసి ఇంకా పోలేదు. అప్పటికి సంగతి అతనికీ తెలుసు. ఆదివారం గొట్టం దించడానికి రెండు గంటలు, తినడానికి మూడు గంటలు పట్టిందని, ఆ చిక్కుళ్ళలో ఉప్పు లేదని, పోయే ముందు వెర్లిన్ తన చేత పెళ్ళాం పుట్టింటికి ఫోన్ చేయించాడని చెప్పాడు. తర్వాత గోడ మీది తుపాకీ కేసి చూశాడు.

"నూట ఎనభై తొమ్మిదా? ఆ తుప్పుముక్కకి? నూట ఇరవై ఇస్తా."

దానికి సూది ఇంకా దొరకలేదని ట్విలా చెప్పింది.

"అయితే ఉండనీ. తొందరేముంది," అని, ఆర్విల్ వైపు తిరిగి, "నా ట్రక్కు బానే ఉందిలే, నీ నడుము సంగతి చూసుకో తాతా," అని పోయాడు.

అప్పుడు నేను ట్విలాకు డెన్సిల్ సంగతి చెప్పాను. మూడు రోజులు ఆలస్యంగా. ఆమె అది విన్న తర్వాత ఫోన్ తీసి ఆ ఒక్క స్టార్ మనుషుల పేర్లు ఒక్కొక్కటే చదివి, ఇతను ఎలా ఉన్నాడని మమ్మల్ని అడిగింది. తొమ్మిది వందలు చెప్పించుకున్న తమ్ముడు మొన్నే కూతురి పెళ్ళి చేశాడు. పదకొండు వందల మొహంవాడు చర్చిలో పాడుతున్నాడు, వినలేక చస్తున్నాం. ఇంకొకడు మీసం పెంచాడు. ఒహాయో అతని సంగతి మాత్రం మాకు తెలియదు. వాళ్ళ ఊళ్ళో అసలు బేరమే ఆడరట. పాపం, వెర్లిన్ అతన్ని ఊరికే భయపడి పద్నాలుగు వందలతో తరిమేశాడు.

బుధవారం పేటిక మూసేముందు, మావాళ్ళ అలవాటు చొప్పున, పోయినవాడికి ఇష్టమైనదేదో జేబులో పెట్టాలి. కుర్చీ పక్కన దొరికిన పొగాకు డబ్బాను నేనే అతని చొక్కా జేబులో పెట్టాను. సూది అందులో వేస్తుంటే చూసినవాణ్ణి, పొగాకు డబ్బా గలగలమనదని అప్పుడైనా నాకు తట్టాల్సింది.

ట్విలా కొత్త సూది తెప్పించలేదు. మూడో వరస తనే తుడిచింది, చిటికెనవేలు దూర్చి చూసి మరీ. ఆ ఒంటిగొట్టం ఇంకా గుమ్మం పక్క గోడ మీదే ఉంది. దాని మెడకు అచ్చు చీటీ, కొట్టేసిన ధర, కింద మెత్తటి పెన్సిలుతో వంకరగా రాసిన ఒకే మాట: మంగళవారం.