తీయండి, దాచండి

నార్కట్‌పల్లి హైవే పక్కన, టైర్ల దుకాణం మీది గదిలో భాగ్యశ్రీ ఉద్యోగం. పటాలు గీసే సాఫ్ట్‌వేర్ ఒకటుంది. దాన్ని కొనక్కర్లేదు, ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా మార్చుకోవచ్చు. ఊళ్లవాళ్లు తమ దారుల్ని, చెలకల్ని తామే గీసుకునేలా దాని మీటలకు తెలుగు మాటలు పెట్టడం, దాని మీద తెలుగులో పాఠాలు రాయడం ఆమె పని. రాసి, తన గొంతుతోనే వీడియోలు కూడా చేస్తుంది. జీతం చిన్నదే కానీ పట్టుదల మాత్రం చిన్నది కాదు.

హైదరాబాదులో కూర్చుని ఆ పాఠాలు దిద్దే అమరేందర్‌తో ఒక మాట దగ్గర పెద్ద లడాయే అయింది. ఫైలు "తెరవండి" అని రాయమన్నాడాయన. భాగ్యశ్రీకి ఒళ్లు మండింది.

"మా దిక్కు తలుపు తియ్యి అంటరు సార్. తెరువు అని మా పాస్టరయ్య గూడ వాక్యం చదివేటప్పుడే అంటడు."

"తీయడమంటే తొలగించడం కూడా కదమ్మా! సేవ్‌కేమో 'దాచు' అని పెట్టావు. దాచడమంటే కనబడకుండా చేయడం కూడా."

"మా అవ్వ ఇత్తనాలు కుండల దాస్తది సార్. కనబడకుండ పోతయా?"

ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వును ఆమె తన గెలుపు కింద జమకట్టుకుంది. మన మాటల్లో రాస్తే తప్పుగా అర్థం చేసుకునేదెవరని ధీమా. ఆ ధీమాయే చివరికి ఆమె మెడకు చుట్టుకుంది.

భాగ్యశ్రీ వాళ్లది రామన్నపేట దగ్గరి ఊరు. ఊరవతల వాళ్ల క్రైస్తవుల సమాధుల తోట. అక్కడికి తాతలనాటి కాలిబాట బాలకృష్ణ చెలకలోంచే పోతుంది. ఆ చెలక కొత్తగా కొన్న బాలకృష్ణ బాటంతా దున్నేసి, చుట్టూ రాతి కడీలు పాతి తీగ కడతానన్నాడు. అప్పుడు ఇంటిల్లిపాదీ అన్న ఫోన్ పట్టుకుని, బాట ఉన్నచోటనే నడిచారు. నడిచినకొద్దీ ఫోన్‌లో గీత పడింది. చేత్తో గీసింది చెల్లదు, నడిచిన గీతే కావాలని మండలాఫీసులో చెప్పారు మరి. అవ్వ సుక్కమ్మ కర్ర పొడుచుకుంటూ అందరికంటే ముందు నడిచింది.

"రేపు నన్ను గిట్లనే తీస్కపోవాలె. తొవ్వ యాదికుంచుకోన్రి," అంది.

వానకాలం నడుమ సుక్కమ్మ పోయింది. కబురు చెప్పడానికి అన్న బెంజమిన్ ఫోన్ చేశాడు. చెప్పాల్సింది చెప్పి, ఇంకా ఏదో నసిగాడు.

"బాలకృష్ణ తీగ కట్టిండు చెల్లె. తొవ్వ పటంల సూపియ్యున్రి, ఇడుస్త అంటుండు."

"సూపియ్యి మరి."

"పటంల లేదు."

"ఎందుకు లేదన్నా? అందరం నడిచినం గద!"

"నీ పాఠంల ఏమున్నది? 'ముందు పాత ఫైలు తీయండి, తర్వాత కొత్త గీత మొదలుపెట్టండి.' చెరువు తొవ్వ గీద్దామని కూసున్న. నువ్వు తియ్యమన్నవ్ గదా అని తీసేసిన."

ఇంకెక్కడా లేదా అని అడిగింది. లేదు. ఫోన్‌లోదీ తీసేశాడు, చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. ఏమని తిడుతుంది?

మర్నాడు అవ్వ శవపెట్టె భుజాల మీద ఉండగానే అందరూ తీగ దగ్గర ఆగిపోయారు. బాలకృష్ణ అక్కడే ఉన్నాడు. చెడ్డవాడేం కాదు, పెట్టెకు దండం కూడా పెట్టాడు. అదే మరీ కష్టంగా ఉంది.

"నాకేం పగ లేదు బిడ్డా. ఇయ్యాల ఊకెనే ఇడిస్తె రేపు నా చెలకల తొవ్వున్నదని రాసుకుంటరు. నువ్వు పటాల ఆఫీసుల జేస్తవ్ గద, సూపియ్యి. నేనే తీగ ఇప్పుత."

జనమంతా భాగ్యశ్రీ వైపే చూస్తున్నారు. ఫోన్‌లో పాఠాలు చెప్పే పిల్ల కదా, ఏదో ఒకటి చేస్తుందని వాళ్ల నమ్మకం. ముందు తీగ, వెనక పెట్టె, నడుమ తను. పత్తి మొక్కల మీదుగా తాత సమాధి మీది సిలువ కనబడుతూనే ఉంది.

"నడువున్రి. వాగు దిక్కెల్లి పోదాం," అన్నాడు నాయిన డానియల్. కన్నతల్లి పెట్టెను భుజం మార్చుకుని వాగు వైపు తిరిగాడు.

వాగు దారి పేరుకే దారి. మోకాలిలోతు బురద, రెండు పక్కలా తుమ్మ ముళ్లు. పెట్టె ఒరిగినప్పుడల్లా ఆడవాళ్లు అమ్మో అన్నారు. అవ్వను అట్లా మోసుకుపోవడం చూడలేక భాగ్యశ్రీ గట్టిగానే ఏడ్చింది, ఎవరేమనుకుంటే ఏమని.

మట్టి పోసి, ప్రార్థన అయ్యాక బెంజమిన్ జేబులోంచి ఫోన్ తీశాడు. 'బయలుదేరే ముందే రికార్డు నొక్కండి' అని పాఠంలో ఉంది. పెట్టె లేవకముందే నొక్కాడట. పోయిన గీత మళ్లీ వస్తుందని ఆశపడ్డాడు పాపం. తెర మీద ఎర్రగీత ఇంటి దగ్గర మొదలై, వాగులో వంకర్లు తిరిగి సమాధుల దగ్గర ఆగింది. బాలకృష్ణ చెలకను ఎక్కడా తాకలేదు. కింద రెండు మీటలు, రెండూ ఆమె పెట్టిన మాటలే: దాచు, తీసెయ్యి.

"ఏది నొక్కాలె చెల్లె?"

దాస్తే, మేం నడిచే దారి ఇదేనని తామే రాసిచ్చినట్టు. బాలకృష్ణకు ఇంకేం కావాలి? తీసేస్తే, అవ్వ దగ్గరికి పటంలో దారే ఉండదు. రేపు వాగు పక్కన ఇంకెవడో తీగ కడితే అడగడానికి ఆ ముక్క కూడా మిగలదు.

డానియల్ కాళ్ల బురద గడ్డికి రాసుకుంటూ దగ్గరికొచ్చి, ఫోన్‌లోకి వంగి చూశాడు.

"గిదన్న ఉండనియ్యి బిడ్డా. రేపు నన్ను తేవాలె గద."

భాగ్యశ్రీ 'దాచు' నొక్కింది. తెర మీద ఆమె రాసిన వాక్యమే వచ్చింది: మీ దారిని దాచేశాం.