చీకటి తెర మీద మేనత్త

తెర నల్లగా ఉంది. ఒక్క చుక్క కూడా వెలగలేదు.

"మందు పని చేయలేదు," అన్నాడు థైరాయిడ్ డాక్టరు, కుర్చీ వెనక్కి జరుపుతూ. "అయోడిన్ వైద్యం ఇక లేనట్టే."

చిట్టి అతని భుజం మీదుగా తెరనే చూస్తోంది. ఆమె ఆ ఆసుపత్రి లేబరేటరీలోనే జన్యు పరీక్షలు చేస్తుంది. తెర మీది మెడ, ఊపిరితిత్తులు ఆమె మేనత్తవి. గ్రంథిని కోసి తీసేసినా కేన్సర్ అక్కడ మిగిలిపోయింది.

మామూలు థైరాయిడ్ కణం అయోడిన్‌ను ఆబగా లాక్కుంటుంది. రేడియోధార్మిక అయోడిన్ మింగిస్తే దాన్నీ అలాగే లాక్కుని చస్తుంది. అత్త కేన్సర్ కణాలు మాత్రం తామెవరో మరిచిపోయాయి. అయోడిన్‌ను లోపలికి తెచ్చే జన్యువు వాటిలో మూగబోయింది. దాన్ని లేపడానికే వారాల తరబడి మాత్రలు మింగించారు. లేచిందో లేదో ఈ స్కాన్ తేల్చాలి: కొద్దిగా మింగించిన రేడియోధార్మిక అయోడిన్ కణాల్లోకి చేరితే, ఆ చోటల్లా తెర మీద చుక్క వెలగాలి.

"జన్యువు లేచింది డాక్టరుగారూ. మెడలోంచి ముక్క తీయించి నేనే చూశాను. దాని పని పదింతలు పెరిగింది."

"మరి తెర ఎందుకు నల్లగా ఉంది? చూడమ్మా, ఆవిడ నీ సొంత అత్త. నువ్వు కోరుకున్నదే నీకు కనిపిస్తుంది."

ఆ మాట సూటిగా తగిలింది. చిట్టి పరుగున వెళ్లి, మిగిలిన ముక్కతో పరీక్ష మళ్లీ చేసింది. ముక్క అత్తదే. ఫలితమూ అదే. అంటే తలుపు తెరిచే ఉంది. మరి ఇల్లు ముందే మామూలు అయోడిన్‌తో నిండిపోయిందా?

ఆమె వార్డులోకి దూసుకొచ్చింది. అత్త డ్రైవింగ్ స్కూలు నడుపుతుంది. మంచం మీద కూడా స్టీరింగు ముందు కూర్చున్నట్టే కూర్చుంటుంది.

"ఏమే చిట్టీ, రివర్సులో గోడకి కొట్టినట్టుంది నీ ముఖం?"

"అత్తా, నిజం చెప్పు. మామూలు ఉప్పేమైనా తిన్నావా?"

"మీరిచ్చిన అయోడిన్ లేని ఉప్పే తింటున్నా. చేప లేదు, పాలు లేవు. మీ మామయ్య లైసెన్సు పరీక్ష పెట్టినట్టు నా కంచం వంకే చూస్తూ కూర్చుంటాడు."

"బయట ఎక్కడైనా అయోడిన్ ఉండే రంగుమందు ఎక్కించి ఇంకో స్కాన్ తీశారా?"

"లేదే తల్లీ."

అత్త దిండు సర్దుకుంది. ఆమె చొక్కా కాలరు లోపల ముదురు గోధుమరంగు మరక కనిపించింది.

"అదేంటత్తా?"

"అంతా నీ చలవే. నువ్వు ముక్క కోయించిన చోట కుట్లు మానలేదు. నర్సు రోజూ కట్టు మార్చి అదే మందు పూస్తోంది. చొక్కాలన్నీ పాడయ్యాయి."

ఆ గోధుమరంగు మందు నిండా అయోడినే. నోటికి తాళం వేసి, పుండులోంచి రోజూ పోశారు. జన్యువు లేచిందని రుజువు చేయడానికి తాను అడిగిన ముక్కే అత్త కొంప ముంచేలా ఉంది.

లిఫ్టు దగ్గర డాక్టరు దొరికాడు.

"ఆగండి. అత్త మూత్రంలో అయోడిన్ చూడండి. ముక్క కావాలన్నది నేనే. పుండుకి ఏం పూస్తున్నారో మాత్రం అడగలేదు."

అతను లిఫ్టు బటన్ మీంచి వేలు తీసేశాడు. "నేనూ అడగలేదు. పరీక్షకి పంపు."

అయోడిన్ ఉండాల్సినదానికి ఎన్నో రెట్లు ఎక్కువ ఉంది. ఆ రోజే కట్టు మందు మార్చారు. మాత్రలు ఆపలేదు. మూత్రంలో అయోడిన్ అట్టడుగుకు దిగేదాకా ఆగి, అత్తను మళ్లీ స్కాన్ యంత్రంలోకి పంపారు.

ఈసారి డాక్టరు కూర్చోనేలేదు. తెర నల్లగానే ఉంది. చిట్టి తెర దగ్గరికి వంగింది. మెడ దగ్గర ఒక చుక్క మినుకుమంది. పక్కనే ఇంకొకటి. తర్వాత ఊపిరితిత్తుల నిండా, చీకటి రోడ్డు మీద హెడ్‌లైట్లలా, ఒకదాని వెనక ఒకటి.

"రేడియోధార్మిక అయోడిన్ పెద్ద డోసు తెప్పించండి," అన్నాడు డాక్టరు.

చిట్టి మైకు నొక్కింది. "అత్తా, వెలిగాయి."

"ఎన్ని?"

"అన్నీ."

లోపలి నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు, ఆ వెంటనే పాత గద్దింపు.

"మరి ఇంకా చూస్తారేం? బండి తీయండి."