కృపమ్మ నోటికి రాని పేరు

రేపల్లెలో శాలేమురాజు ఇంట్లో పొద్దున్నే టీ మరుగుతోంది. ఆయన భార్య కృపమ్మ గరిటెల బుట్టలోకి చూస్తూ, "అదేనండీ, టీ వడపోసేది... కన్నాలుంటాయి చూడండీ" అంది. పేరు రాలేదు. ఇంకేముంది, టీ జల్లెడ కాస్తా బుట్ట దిగి, దొర్లుకుంటూ గడప దాటిపోయింది.

పక్కింటి జగన్నాథరావు తెచ్చిచ్చాడు. "మా బోరింగు దగ్గరుందండి. నిన్నటి దువ్వెన కూడా ఇదిగో."

పక్షవాతం వచ్చి తగ్గిన దగ్గర్నుంచీ ఇదే వరస. కృపమ్మకి పేరు దొరకని వస్తువు ఇంట్లో నిలవదు. చిన్నవైతే పక్కింట్లో ఆగుతాయి. సైకిలు మాత్రం వెళ్ళింది వెళ్ళినట్టే, మళ్ళీ ఎవరి కంటా పడలేదు.

తెనాలి డాక్టరు తన పెన్ను చూపించి ఇదేంటమ్మా అంటే, "రాసుకునేదండి" అంది. పెన్ను బల్ల దిగి వెళ్ళిపోయింది. డాక్టరు ఇంకోటి తీసుకున్నాడు. "వస్తువేంటో ఆవిడకి తెలుసండి. పేరుకే దారి మూసుకుపోయింది. రోజూ పలికిన పేర్లయితే కాస్త అందిస్తే వస్తాయి. పలకనివి కష్టం" అన్నాడు.

శాలేమురాజుకి తన పేరే గుర్తొచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆవిడ ఆయన పేరు పలికింది ఒక్కసారి, పెళ్ళైన కొత్తలో, ఓటర్ల లిస్టు రాసేవాళ్ళతో. మొగుడి పేరు నోటితో పలుకుతావా అని ఈ మహానుభావుడు రెండు పూటలు అన్నం మానేశాడు. అంతే, మళ్ళీ ఎత్తితే ఒట్టు.

ఆదివారం చర్చిలో ఎవరో మీ ఆయన పేరేంటని అడిగితే కృపమ్మకి రాలేదు. ఇంటికొచ్చి కూర్చున్నాడో లేదో, ఆయన పాదాలు వాటంతటవే వాకిలి వైపు తిరిగాయి.

"కృపా, నా పేరు అను. శాలేము..."

"శా... శా..." అని ఆగిపోయింది. "మీరు నాకు తెలీకపోవడమేంటండీ? నిద్రలో పళ్ళు కొరుకుతారు. చేప తలకాయ నా కంచంలోనే వేస్తారు. పేరే రావట్లేదండీ!" అని భోరుమంది.

ఆయన ద్వారబంధం పట్టుకున్నాడు. చేతులు జారిపోయాయి. కాళ్ళు మెట్లు దిగాయి. ఏం చెయ్యగలడు పాపం!

వెనకాలే ఆవిడా దిగింది. "నా పేరు... నా పేరేంటండీ?" అంది బెదురుగా. ఆవిడ పాదాలూ వీధిలోకి తిరిగాయి.

చెప్పకపోతే తోడొస్తుంది. ఆ ఆశ ఆయన్ని నిలువునా పట్టేసింది. కానీ పోయే చోటేదో తనకే తెలీదు. ఆవిడకా, పూట తప్పకుండా మందులు పడాలి. సాయంత్రానికి కూతురు సింధు బాపట్ల నుంచి వస్తుంది, చూసుకుంటుంది.

"కృప..." అని అందించాడు.

"కృపమ్మ!" అంది ఆవిడ చటుక్కున, బళ్ళో హాజరు పలికినట్టు. కళ్ళు తుడుచుకుని నవ్వింది కూడా. ఆవిడ పాదాలు ఆగాయి.

ఆయనవి ఆగలేదు.