సముద్రం వైపు కిటికీ

నేను ఒక కిటికీని. టేకు రెక్కలు, ఇనుప ఊచలు, మొండికేసే గొళ్ళెం, ఇదీ నా ఒడ్డూ పొడుగూ. నా సొద వినే ఓపిక ఉంటే వినండి, లేదంటే మూసెయ్యండి. మూయించుకోవడం నాకు అలవాటే.

నన్ను విజయనగరంలో ఒక వకీలుగారి మేడకు చేయించారు. ఎదురింటి సంగతులు తెలుసుకోవడానికి వకీలుగారి భార్య నన్ను ఎంత ఓరగా తెరిచేదో! ఆ సందులోంచే జట్కాలు పోవడమూ, ఆటోలు రావడమూ చూశాను. తర్వాత మేడ కూల్చి లాడ్జి కట్టారు. నన్ను పాత కలప అడితిలో పడేశారు. చెదలకు చిక్కకుండా బతికానంటే అది నా టేకు చలవే.

అక్కడి నుంచి నన్ను తెచ్చుకున్నవాడు తాతారావు. భీమిలి అవతల జాలరిపేటలో ఉంటాడు, అప్పట్లో చేపల వేటకు వెళ్లేవాడు. తల్లి మసేనమ్మకు అతడొక్కడే. తండ్రి బండయ్యను సముద్రం ఎప్పుడో తీసుకుపోయింది. కొడుకునైనా ఒడ్డున నిలుపుకోవాలని ఆమె తాపత్రయం. ఆ తీరానికి యాత్రికులను రప్పించాలి, ఇళ్లలో బస గదులు కట్టుకోండని సర్కారు అనగానే పెరట్లో గది లేపింది.

ఆ పేటలో ఇళ్లన్నీ సముద్రానికి వీపు పెట్టి ఉంటాయి. ఉప్పుగాలి, ఇసుక అంటారు మగవాళ్లు. మసేనమ్మ కారణం వేరు. భర్త కోసం ఆ నీళ్లకేసి చూసి చూసి, ఇక జన్మలో చూడనని ఒట్టు పెట్టుకుంది. గది చూడవచ్చిన టూరిజం ఆఫీసరు గోడ తట్టి, "సముద్రం కనబడకపోతే ఇక్కడికి ఎవరొస్తారమ్మా?" అన్నాడు.

"ఆ పాడు సంద్రం ఏటి సూత్తారు బాబూ?" అంది మసేనమ్మ.

అయినా కొడుకు కోసం అటువైపు కిటికీకి ఒప్పుకుంది. నన్ను గోడలో దించుతుంటే అటు తిరిగి కూర్చుని చేపలు తోముకుంది.

అతిథులు వచ్చారు. నా ముందు నిలబడి ఫొటోలు దిగారు. అందరికీ ఒకటే కోరిక, తాజా వంజరం చేపల పులుసు. దాంతో ఒడ్డున ఉండాల్సినవాడు వాళ్ల కూర కోసం మళ్లీ సముద్రం మీదికే పోయాడు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. మనుషుల ఏర్పాట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి, తప్పు పట్టలేం.

ఆశ్వయుజంలో ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి గాలి తిరగబడింది. తాతారావు ఇంకా నీళ్ల మీదే ఉన్నాడు. గదిలో దిగిన హైదరాబాదు దంపతులు అలలు ఎంత బాగున్నాయో అని మురిసిపోతున్నారు. మసేనమ్మ చెప్పాపెట్టకుండా లోపలికి వచ్చి, వాళ్లను పక్కకు జరిపి, నా ఊచలు పట్టుకుంది. ఇన్నేళ్ల ఒట్టు తీసి గట్టున పెట్టేసింది. రెప్ప వేయకుండా నీళ్లకేసే చూసింది. నాకు దుఃఖం వచ్చింది. కిటికీకి కన్నీళ్లెక్కడివి, కీచుమన్నానంతే. ఆ దంపతులు ఇక ఫొటోలు తీయలేదు.

పొద్దు వాలుతుండగా తెప్ప కనబడింది. తడిసి ముద్దయిన తాతారావు నవ్వుతూ వంజరం ఎత్తి చూపాడు. ఆమె నవ్వలేదు. అతిథుల వైపు తిరిగింది.

"రేపట్నుంచి పప్పుచారే. తింటే తినండి, నేకపోతే నేదు."

"పప్పుచారే పెట్టమ్మా," అంటూ హైదరాబాదు ఆవిడ ఆమె చేయి పట్టుకుంది.

ఇప్పుడు తాతారావు యాత్రికులను ఒడ్డు వెంట తిప్పుతున్నాడు, పప్పుచారు కాచడం కూడా నేర్చుకున్నాడు. అతిథులు లేని రోజుల్లో నన్ను మూసేస్తారనుకున్నాను. లేదు. సాయంత్రం మసేనమ్మ వచ్చి నా రెక్కలు బార్లా తెరుస్తుంది. నీళ్లకేసి చూస్తూ బండయ్యతో మాట్లాడుతుంది.

"ఆడు ఇంటికాడే ఉన్నాడు మావా. నువ్వు ఆడికోసం ఎదురుసూడకు."