తెల్లీనా మళ్లీ మునిగిన రోజు

రెండో ప్రపంచయుద్ధంలో ఓడిన ఇటలీకి జలాంతర్గాములు ఉండకూడదని ఒప్పందంలో రాశారు. కొన్నిటిని గెలిచినవాళ్లు పట్టుకుపోయారు, కొన్నిటిని రేవులోనే ముక్కలు చేశారు. తరాంతో అనే ఊరి రేవులో ‘తెల్లీనా’ అనే జలాంతర్గామి మాత్రం వేషం మార్చుకుని బతికింది. దాని పెరిస్కోప్ పీకేసి, టార్పెడో గొట్టాలు మూసేసి, కాగితాల్లో ‘బ్యాటరీలు చార్జి చేసే బల్లకట్టు’ అని రాసుకున్నారు.

దాని మంచిచెడ్డలన్నీ ఒరోంజో చూసేవాడు. యుద్ధకాలమంతా అందులోనే కరెంటు పనిచేసినవాడు. బల్లకట్టుకు అక్కర్లేకపోయినా రోజూ పొద్దున్నే చుక్కానులు అటూ ఇటూ తిప్పేవాడు, వాల్వులకు గ్రీజు పెట్టేవాడు. ఒకసారి తనిఖీకి వచ్చిన విదేశీ అధికారి అది పసిగట్టాడు.

“కదలని బల్లకట్టుకి చుక్కానెందుకయ్యా?”

“తుప్పు పడితే కీచుమంటుంది సార్. నాకసలే తలనొప్పి.”

అధికారి నవ్వు ఆపుకుంటూ సంతకం పెట్టి వెళ్లిపోయాడు.

ఇంట్లో మాత్రం ఆ మాట చెల్లేది కాదు. “మునగని పడవకి అయిదేళ్లుగా ఊడిగం చేస్తున్నావు. మన వంటింటి కుళాయి మాత్రం కారుతూనే ఉంది” అనేది భార్య కోసిమా.

1952లో నిషేధం పోయింది. పెరిస్కోప్ మళ్లీ ఎక్కింది. కెప్టెన్‌గా రుజ్జేరో అనే ముప్పయ్యేళ్ల మనిషి వచ్చాడు. చదువు బాగా ఉంది కానీ ఒక్కసారీ సొంతంగా పడవను ముంచినవాడు కాదు. ఆ సంగతి దాచుకోలేదు కూడా.

“ఒరోంజో గారూ, రేపు మీరు నా పక్కనే ఉండాలి. నేను తప్పుచేస్తే మొహమాటపడకండి.”

“అలాగే కెప్టెన్ గారూ. అరిస్తే మాత్రం ఏమనుకోకండి.”

మర్నాడు ఉదయం పది గంటలకు అఖాతంలో తెల్లీనా తల వంచింది. పన్నెండు మీటర్ల దగ్గర ఎక్కిదిగే పైమూత అంచునుంచి నీటిచుక్కలు మొదలయ్యాయి. ఒకటి సరిగ్గా రుజ్జేరో టోపీ మీద పడింది. కుర్ర నావికుల మొహాలు పాలిపోయాయి. పైకి తేల్చమని చెప్పబోయి కెప్టెన్ ఒరోంజో వైపు చూశాడు.

ఆ మూత రబ్బరు ఒరోంజో తన చేత్తో కోసి బిగించినదే. వేలితో తడి తుడిచి, అంచు చుట్టూ తడిమి చూశాడు. ఎక్కడా చిరగలేదు.

“కొత్త రబ్బరు, ఇంకా కూర్చోలేదు. సముద్రం పైనుంచి నొక్కితే అదే సర్దుకుంటుంది. ఇంకో పది మీటర్లు దించండి.”

“ఖాయమేనా?”

“మూత కింద నేనే నిలబడతాను.”

నిలబడ్డాడు. పదిహేను మీటర్ల దగ్గర చుక్కలు పలచబడ్డాయి. ఇరవై దాటాక ఆగిపోయాయి. రుజ్జేరో టోపీ తీసి నుదురు తుడుచుకున్నాడు.

మోటార్లు ఆపి పడవను నిలకడగా ఉంచారు. అంతా నిశ్శబ్దం. ఒరోంజో అలవాటుకొద్దీ ఊపిరి బిగబట్టి పైకి చెవి పెట్టాడు. యుద్ధం రోజుల్లో ఈ నిశ్శబ్దం వెనకాలే శత్రు ఓడ చప్పుడు వచ్చేది, ఆ తర్వాత బాంబులు. ఇప్పుడు ఏమీ రాలేదు. పైన తమను ఎవరూ వెతకడం లేదు. అది ఒంటికి తెలిసిరావడానికి కాసేపు పట్టింది. ఆ తర్వాత మెల్లగా భుజాలు వదులు చేసుకుని నేలమీద చతికిలబడ్డాడు.

“ఏమైందండీ?” అన్నాడు రుజ్జేరో కంగారుగా.

“ఏం కాలేదు. హాయిగా ఉంది.”

ఇంతలో వంటవాడు మిన్‌కుచ్చో పొగలు కక్కే పళ్లెం పట్టుకొచ్చాడు. అన్నం, బంగాళాదుంపలు, ఆల్చిప్పలు పొరలుపొరలుగా పేర్చి కాల్చిన వంటకం.

“బారీ ఊరి వంట. తిని దణ్ణం పెట్టండి.”

“ఆల్చిప్పలు మా తరాంతోవి. ఆ దణ్ణం మాకు పెట్టు” అన్నాడు ఒరోంజో.

అందరూ నవ్వారు. పాలిపోయిన మొహాలకు రంగు వచ్చింది. ఇరవైరెండు మీటర్ల లోతులో ఇరుకుగా కూర్చుని పళ్లెం ఖాళీ చేశారు. ఒరోంజో రెండుసార్లు వడ్డించుకున్నాడు.

సాయంత్రం రేవు చేరాక రుజ్జేరో అతన్ని పక్కకు పిలిచాడు. “కొత్తగా ఇరవైమంది వస్తున్నారు. వాళ్లకి పని నేర్పాలి. మూడేళ్లు ఉంటారా?”

“ఇంట్లో అడిగి చెబుతాను” అన్నాడు కానీ, ఒప్పుకున్నట్టు మొహమే చెప్పేసింది.

మూడేళ్ల మాట ఇంట్లో చెప్పి, ఆ ఆదివారం అనుమతి తీసుకుని కోసిమాను తెల్లీనాలోకి దించాడు. ఆవిడ నిచ్చెన దిగి, పడకలూ గొట్టాలూ చూసి, ఇరుకైన వంటగది ముందు చాలాసేపు నిలబడింది.

“ఇంత జానెడు చోట యాభైమందికి వండుతాడా ఆ మిన్‌కుచ్చో?”

“వండుతాడు.”

“అయితే ఈ మూడేళ్లలో ఒకరోజు భోజనానికి తీసుకురా. పాపం, మనింట్లో అయినా ఇరుకు లేకుండా హాయిగా కూర్చుని తింటాడు” అంది.