ఎవరూ చూడని చోట

చ్యూ షౌయీ పంతులు పిరికివాడు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అందరికంటే ఎక్కువ ఆయనకే తెలుసు. కుక్క మొరిగితే పక్క సందులోంచి పోయే మనిషి. బడిలో మాత్రం పిల్లలకు ఒకటే చెప్పేవాడు: "నలుగురిలో మంచిగా ఉండటం గొప్ప కాదర్రా. ఎవరూ చూడనప్పుడు ఎలా ఉంటావో అదే నువ్వు."

ఆ వసంతంలో వెదురు మొలకల కోసం కొండెక్కాడు. ఆయన చూస్తుండగానే, కింద రేవులో భూస్వామి కొడుకు దెంగ్ కాయ్, పడవవాణ్ని గెడతో తలమీద మోది నీళ్లలోకి తోసేశాడు. గెడను ఒడ్డునున్న తోపులోకి విసిరి చక్కా పోయాడు. పంతులు మొలకల బుట్ట అక్కడే వదిలి ఇంటికి పరుగెత్తాడు. ఎవరికీ చెప్పలేదు.

పడవవాడి దగ్గర పనిచేసే పాన్ గెన్‌ను హంతకుడని పట్టుకున్నారు. ఆ మధ్యాహ్నమే న్యాయస్థానం జవాన్ల నాయకుడు హాన్ బడికొచ్చి, పిల్లల ముందే తీరిగ్గా టీ తాగాడు.

"కొండమీద ఓ బుట్ట దొరికింది పంతులుగారూ. మీది కాదు కదా?"

"కాదు."

"అనుకున్నాలెండి. దెంగ్ వారు కూడా అదే అన్నారు, పంతులు మనవాడేనని." హాన్ గుమ్మంలో ఆగాడు. "చేతులు జాగ్రత్త. రాసుకుని బతికేవాళ్లకి చేతులే కదా ఆస్తి."

ఆ రోజు పంతులుకు ముద్ద దిగలేదు. భార్య రుయిలాన్ గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేశాడు. ఆవిడ గుండె బాదుకుంది.

"మనకెందుకండీ? మీకేమన్నా రెండు తలలున్నాయా?"

"వణుకొస్తోందే."

"వణకండి. ఇంట్లోనే వణకండి."

"పాన్ గెన్ ఒప్పుకున్నాడట. ఆ దెబ్బలకి నేనైనా ఒప్పుకుంటాను. కాదన్నాను కదా నేను... పిల్లలంతా వింటుండగా కాదన్నాను."

తెల్లారాక న్యాయస్థానం గుమ్మంలో ఉన్న ఫిర్యాదుల నగారా మోగించింది ఆయనే. జనం మూగారు. చూసిందంతా చెబుతుంటే లోపలి బట్ట తడిసిపోయింది.

"తప్పుడు సాక్ష్యానికి శిక్ష తెలుసా?" న్యాయాధికారి కళ్లెర్రజేశాడు.

"తెలుసయ్యా."

వేళ్ల మధ్య పుల్లలు పెట్టి తాడు బిగించారు. పంతులు గావుకేక పెట్టాడు.

"మాట మారుస్తావా?"

మార్చాలనే నోరు తెరిచాడు. మెడకు కొయ్యపలక బిగించిన పాన్ గెన్ ఒక మూల కూలబడి ఆయన నోటివంకే చూస్తున్నాడు.

"గెడ... తోపులో ఉంది. వెతికించండయ్యా!"

"వెతికించండి!" అని గుమ్మం దగ్గర ఎవరో అరిచారు. ఆపైన అందరూ అరిచారు. న్యాయాధికారికి వెతికించక తప్పలేదు. నెత్తురూ వెంట్రుకలూ అంటిన గెడ పంతులు చెప్పిన చోటే దొరికింది. పాన్ గెన్‌ను విడిచిపెట్టారు. దెంగ్ కాయ్ కోసం వెళ్తే, అతను అప్పటికే ఊరు దాటేశాడు.

ఇంటి దగ్గర రుయిలాన్ గంజి తాగిస్తోంది. ఆయన వేళ్లు గుడ్డ చుట్టినా వంకాయల్లా ఉబ్బి కనిపిస్తున్నాయి.

"ఇంత ధైర్యం ఎక్కడిదండీ మీకు?"

"ధైర్యమా? దెంగ్ వాళ్లు ఊరుకుంటారనుకున్నావా? ముందెళ్లి తలుపు గడియ వెయ్యి."

వేసొచ్చింది. పంతులు గడ్డం మీద గంజి కారుతోంది. పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. ఆవిడ పక్కన కూర్చుని, మళ్లీ చెంచా అందుకుంది.